టర్బో చల్లారేదాకా

మా కాంటా గది కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. వడ్ల సీజన్‌లో రోజుకు నలభై, నలభై అయిదు లారీలు ఆ కాంటా మీదికి ఎక్కి దిగుతాయి. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి చీటీ రాసిచ్చేది నేనే. కంప్యూటర్ అంకె చూపించేలోపే అది నా నోటికి వస్తుంది. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో మాత్రం నాకు బాగా తెలుసు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం కోటగిరి వైపు నుంచి వడ్ల లోడుతో ఒక లారీ వచ్చింది. కాంటా దిగి చీటీ కోసం సరిగ్గా నా కిటికీ ముందు ఆగింది. డ్రైవర్‌కు పాతికేళ్లు ఉంటాయేమో. బండి ఆపాడు కాని ఇంజిన్ ఆపలేదు. పొగంతా గదిలోకి వస్తోంది.

"ఇంజిన్ బంద్ జెయ్ తమ్మీ, పొగ లోపటికొస్తున్నది" అన్నాను.

"మూడు నిమిషాలు ఆగక్కా. టర్బో చల్లారాలె. వేడి మీద బంద్ జేస్తే ఖరాబైతది. మా సేఠ్ ఊకోడు."

తలుపు పక్కన గోడ నీడలో మా బాపు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అన్నం తిన్నాక ఓ గంట ఆయనకు అక్కడే కాలక్షేపం, వచ్చే పోయే డ్రైవర్లతో ముచ్చట్లు. నేను చీటీ మీద బండి నంబరు వేస్తుంటే నా పెదవులు వాటంతటవే కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

మూడు నిమిషాలంటే నూట ఎనభై. ఆ సంగతి నాకు ఎనిమిదో ఏట తెలిసింది.

ఆ ఏడు బాపు పాత లారీ అమ్మేసి కొత్తది తెచ్చాడు. మా వాడకట్టులో టర్బో ఉన్న మొదటి బండి అదే. బండిని తెచ్చి అప్పజెప్పిన మిస్త్రీ, వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ టర్బో అంటే ఏమిటో అందరికీ చెప్పాడు. ఇంజిన్ వదిలే వేడి గాలికి ఒక చిన్న చక్రం తిరుగుతుందట. అది ఇంజిన్‌కు ఇంకా ఎక్కువ గాలి ఊదుతుందట. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నిప్పులా కాలుతుందట. దాన్ని కాపాడేది నూనె. ఇంజిన్ ఆపితే నూనె ఆగిపోతుంది, చక్రం మాత్రం వెంటనే ఆగదు, వేడి ఎటూ పోదు.

"గందుకే చెప్తున్న. లోడు మీద వచ్చి ఎంటనే బంద్ జెయ్యకుండ్రి. మూడు నిమిషాలు నిలబెట్టి ఊకెనే నడవనియ్యుండ్రి. గా వేడి దిగుతది" అన్నాడు మిస్త్రీ.

మా అవ్వ, అంటే బాపు తల్లి, ఇంజిన్ గురించి ఏమీ తెలియకపోయినా ఆ మాటను అందరికన్నా ముందు అర్థం చేసుకుంది. "దున్నుకొచ్చిన ఎడ్లను ఎంటనే కట్టేస్తమా? జెరంత సేపు తిప్పి, దమ్ము తీయనిచ్చి కడ్తం. గిది గూడ గంతే" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మూడు నిమిషాలకు 'బండి దమ్ము' అని పేరు పడిపోయింది.

బండి నడిపేది మా మామ. అమ్మకు తమ్ముడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ చొక్కాకు పైనున్న రెండు గుండీలు ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు. ఆయన దగ్గర గడియారం లేదు. బాపు చేతికి ఉండేది కాని, బాపు పగటిపూట చెరుకు రైతుల వెంట ఊళ్లు తిరిగేవాడు. మరి మూడు నిమిషాలు ఎట్లా తెలుస్తాయని మాట వచ్చినప్పుడు నేను పెడతానన్నాను లెక్క.

బాపు నవ్వాడు కాని పరీక్ష పెట్టాడు. చేతి గడియారం చూసుకుంటూ, "ఊఁ, షురూ జెయ్" అన్నాడు. మొదటిసారి నా నూట ఎనభై లెక్క, గడియారంలో రెండు నిమిషాల పది సెకన్లకే అయిపోయింది. రెండోసారి మూడున్నర నిమిషాలు పట్టింది. మూడు రోజులు అదే పని. అంకెకూ అంకెకూ మధ్య ఒక చిన్న ఊపిరి పీల్చుకుంటే సరిపోతుందని నాకే తోచింది. ఓమనగుంటల పీట పెట్టెలోంచి పద్దెనిమిది చింతగింజలు తీసుకున్నాను. పది లెక్కపెట్టగానే ఒక గింజ కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి. పద్దెనిమిదీ మారితే నూట ఎనభై. నాలుగో రోజు బాపు గడియారానికీ నా గింజలకూ ఒక్క సెకను కూడా తేడా రాలేదు. "శెభాష్ బిడ్డా, ఇగ నువ్వు చెప్పందే బండి బంద్ గాదు" అన్నాడు.

ఆ మాటను నేను ఎంత సొంతం చేసుకున్నానో చెప్పలేను.

చెరుకు సీజన్ మొదలైంది. మామ పొద్దున్నే పెద్ద కొడప్‌గల్ వైపు పోయి చెరుకు నింపుకుని, మధ్యాహ్నానికి బాన్సువాడలో మా ఇంటి ముందు ఆపి, అన్నం తిని, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి పోయేవాడు. అన్నం బెల్లు కొట్టగానే నేను బడి నుంచి పరుగెత్తి వచ్చేదాన్ని. సందు మలుపులో హారన్ రెండుసార్లు మోగేది. బండి వచ్చి నిలబడగానే దాని చుట్టూ ఒక వాసన కమ్ముకునేది. పచ్చి చెరుకు తీపి, డీజిల్, కాలిన ఇనుము, మామ చెమట, అన్నీ కలిసిన వాసన. నేను డ్రైవర్ తలుపు కింద నిలబడి గింజలు మార్చడం మొదలుపెట్టేదాన్ని. అమ్మ లోపల జొన్నరొట్టెలు కాలుస్తుండేది. రాతి మీద రొట్టె చరిచే చప్పుడు ఒక వైపు, ఇంజిన్ చప్పుడు ఒక వైపు. రెంటి మధ్య నా అంకెలు తప్పకూడదు.

వాడకట్టు పిల్లలకు ఆ మూడు నిమిషాలు పండుగ. వెనక నుంచి చెరుకు గడలు గుంజేవాళ్లు. ఇంజిన్ చప్పుడులో గడ విరిగిన చప్పుడు మామకు వినపడదు. నాకు వినపడేది. చెప్పకుండా ఉన్నందుకు వాళ్లు నాకు మొదలు వైపు ముక్క, తియ్యగా ఉండేది, దాచిపెట్టేవాళ్లు. నేను తీసుకున్న లంచం అదొక్కటే.

మామ స్టీరింగ్ మీద గడ్డం ఆనించి పైనుంచి నన్ను చూసి నవ్వేవాడు.

"ఏం కంట్రోలర్ సాబ్, మా బండికి పర్మిషన్ దొరుకుతదా లేదా? కడుపుల ఎలుకలు తిరుగుతున్నయ్."

"మాట్లాడకు మామా, లెక్క తప్పుతది. ఎనభై నాలుగు, ఎనభై అయిదు..."

"అక్కా, నీ బిడ్డ నన్ను ఉపాసం సంపుతున్నదే" అని లోపలికి అరిచేవాడు.

నూట ఎనభై రాగానే తలుపు రేకు మీద రెండుసార్లు చరిచి "బంద్" అనేదాన్ని. అంత పెద్ద బండి నా మాటకు ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని ఆగిపోయేది. సందంతా నిశ్శబ్దం అయ్యేది. ఎనిమిదేళ్ల ఆడపిల్ల మాటకు మా ఇంట్లో ఇంకెవరూ ఆగేవాళ్లు కాదు.

ఒక్కసారి మాత్రం మోసం చేశాను. మామ బిచ్కుంద సంతలో రిబ్బన్లు తెస్తానని మరిచిపోయి వచ్చాడు. ఆ రోజు నూట ఎనభై అయ్యాక కూడా మనసులోనే ఇంకో అరవై లెక్కపెట్టి అప్పుడు బంద్ అన్నాను. పాపం ఆకలితో కూర్చున్నాడు. ఎక్కువ లెక్కపెట్టింది ఆ ఒక్కరోజే. తక్కువ మాత్రం ఎన్నడూ పెట్టలేదు.

అన్నాల దగ్గర బాపు ఇంట్లో ఉన్న రోజుల్లో మైలేజీ ముచ్చట తప్పక వచ్చేది. ఇలాంటి బండి లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప అట. మా మామ నాలుగున్నర తీస్తున్నాడు. బాపు రొట్టె తుంచి శెనగపిండి పిట్లలో అద్దుకుంటూ, "హోటల్ కాడ ఎవ్వరూ నమ్ముతలేరు. మా బామ్మర్ది చేతుల ఏదో ఉన్నదిరా అని చెప్పొచ్చిన" అనేవాడు. మామ తలవంచుకుని తినేవాడు కాని చెవులు ఎర్రబడేవి. అమ్మ ఇంకో రొట్టె తమ్ముడి పళ్లెంలో వేసేది. పుట్టింటివాళ్లను మెచ్చుకునే మాట మా ఇంట్లో అరుదు, ఆమెకు అది అన్నం కన్నా ఎక్కువ.

ఒక ఆదివారం నేనూ వస్తానని మారాం చేస్తే మామ బండిలో ఎక్కించుకుని పోయాడు. పెద్ద కొడప్‌గల్ దాటాక చెరుకు తోట. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు కొడుతున్నారు. ఒక ముసలావిడ మోపులు లెక్కపెడుతూ "ఏక్, దోన్, తీన్" అంటుంటే నేనూ ఆమె వెంట లెక్కపెట్టాను. ఆమె నవ్వి, మిర్చి ఠేచా పూసిన రొట్టె సగం విరిచి ఇచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కాని మొత్తం తిన్నాను. మూడు వందల పన్నెండు మోపులు ఎక్కాయి బండికి.

తిరుగు దారిలో ఒక పొడవాటి చడావు ఉంది. అంత బరువుతో బండి దాన్ని మూలుగుతూ ఎక్కింది. ఇంజిన్ అరుపు మీదుగా సన్నని ఈల వినిపించింది. "గదే టర్బో" అన్నాడు మామ. ఈల పెరిగి పెరిగి చెవుల్లో గుచ్చుకుంది. కాళ్ల కింద రేకు చెప్పుల్లోంచి కాలింది. ఎత్తు కొసకు చేరాం. ఎదుట కాలువ వంతెన దాకా ఒకటే ఉతారు, బండి దానంతట అదే దిగిపోయే వాలు. మామ గేరు తీశాడు. తర్వాత చెయ్యి చాపి ఇంజిన్ ఆపేశాడు.

అంత చప్పుడూ ఒక్కసారిగా లేకుండా పోయింది. గాలి చప్పుడు, టైర్ల చప్పుడు, వెనక చెరుకు ఆకుల గలగల మాత్రం మిగిలాయి. ఈల ఇంకా కాసేపు సాగి సన్నబడి ఆగిపోయింది. నేను అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట నలభై రెండు దగ్గర వంతెన వచ్చింది. మామ గేరు వేసి క్లచ్ వదిలాడు, బండి ఒక్క కుదుపుతో మళ్లీ మేలుకుంది.

"మామా, బంద్ జేసినవ్" అన్నాను.

"ఊఁ. డీజిల్ మిగుల్తది."

"చల్లారకముందే బంద్ జెయ్యొద్దన్నడు కదా మిస్త్రీ."

"నిలబడ్డ బండికి గదా గా మాట. ఉరికే బండికి గాలి తగుల్తనే ఉంటది, గదే చల్లగైతది. నీకేం తెల్సు."

"మరి ఇంటికాడ నేనెందుకు లెక్కవెడ్తున్న?"

మామ పెద్దగా నవ్వాడు. "గది ఇంటి లెక్క. గిది తొవ్వ లెక్క." కాసేపయ్యాక నవ్వు తగ్గించి, "మీ బాపుకు చెప్పకు బిడ్డా. నాలుగున్నర ఎట్లొస్తున్నదో తెలిస్తే నా ఇజ్జత్ పోతది. నా తోడు, చెప్పవు గదా?" అన్నాడు.

నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. చెప్పనని ఒట్టు వేశాను. పిట్లంలో ఆపి మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. ఇంటికి వచ్చాక ఎప్పటిలాగే తలుపు కింద నిలబడి గింజలు మార్చాను. ఆ రోజు అంకెలు నోట్లో ఎండు రొట్టెలా తిరిగాయి.

దాని తర్వాత ఇరవై తొమ్మిది ట్రిప్పులు నడిచాయి. ముప్పయ్యోనాడు బండి రాలేదు. బడి నుంచి పరుగెత్తి వచ్చి వాకిట్లో ఎదురుచూశాను. సాయంత్రం నాలుగు గంటలకు ఇంకో లారీ దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. చడావు సగంలో ఈల మారి కీచుమందట, తెల్లటి పొగ కమ్మిందట, బండి లాగనన్నదట. ఎండకు చెరుకు అప్పటికే పులిసిన వాసన వస్తోంది.

మర్నాడు మిస్త్రీ వచ్చాడు. గోనెసంచి పరుచుకుని వాకిట్లోనే టర్బో విప్పాడు. బాపు, మామ, అవ్వ, తలుపు దగ్గర అమ్మ, చుట్టూ వాడకట్టులో ఓ పదిమంది. నేను అవ్వ వెనక నిలబడ్డాను. గింజలు గౌను జేబులో ఉన్నాయి. మిస్త్రీ లోపలి ఇరుసు బయటికి తీసి వేలితో గీరాడు. నల్లటి మసి రాలింది.

"నూనె మాడి బొగ్గయింది, చూడుండ్రి. వేడి మీద బంద్ జేసిండ్రు. ఒక్కపారి గాదు, రోజూ జేసిండ్రు."

"రోజూ మూడు నిమిషాలు నడిపిస్తనే ఉన్నం గదా" అన్నాడు బాపు.

"టైం ఎవరు చూస్తుండె?"

నేను మామ వైపు చూశాను. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. మామ చేతులకున్న గ్రీజు పాతగుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

"టైం ఏడిది అన్నా. గీ పొల్ల లెక్కవెడ్తది. నూరు అన్నంక ఒక్కపారే నూట ఇరవై అంటది. దాని నోటి మీద నేను బంద్ జేస్తున్న. గంతే" అన్నాడు.

మిస్త్రీ నవ్వాడు. "గింత బండిని తీస్కపోయి పొల్ల చేతుల వెట్టిండ్రా?" చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. చెరుకు గడలు గుంజిన పిల్లలు కూడా నవ్వారు.

అవ్వ వెనక నుంచి ముందుకు వచ్చాను. ఉతారు మాట గొంతు దాకా వచ్చింది. మామ ఒక్కసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నెత్తి మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ మాట మింగేసి, బాపు ముందు నిలబడి, జేబులోంచి గింజలు తీసి అరచేతిలో పట్టుకున్నాను.

"నేను తప్పలె బాపూ. ఇప్పుడే లెక్కవెడ్త. నువ్వు గడియారం చూడు."

మూడు నిమిషాల పని. గడియారం ఆయన చేతికే ఉంది. నాలుగో రోజున శెభాష్ అన్నది ఆ గడియారం చూసే. బాపు నా అరచేతి వైపు చూశాడు, మామ వైపు చూశాడు, తలుపులో నిలబడ్డ అమ్మ వైపు చూశాడు. గడియారం వైపు మాత్రం చూడలేదు.

"ఇగ లెక్క గిక్క బంద్. లోపటికి పో" అన్నాడు.

అమ్మ నన్ను లోపలికి లాగింది. రొట్టెల పిండి చేతులతోనే వీపు మీద ఒకటి వేసింది. "నీ వల్ల నా తమ్ముడు పదిమందిల తల దించుకున్నడు" అంది. నాకు దెబ్బ గుర్తులేదు. గౌను మీద పిండి అచ్చు మాత్రం గుర్తుంది, అయిదు వేళ్లూ పడ్డాయి.

వారం తర్వాత మామ జిలేబీ పొట్లం తెచ్చి నా ముందు పెట్టాడు. ఏడు చుట్లు ఉన్నాయి. తిన్నాను. తిననని విసిరికొట్టి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండేది.

కొత్త టర్బో వచ్చింది. మామకు బాపు ఒక చేతి గడియారం కొనిచ్చాడు. నేను వాకిట్లోకి పోవడం మానేశాను కాని చెవులు మూసుకోలేను కదా. వంటింట్లో కూర్చుని లెక్కపెట్టేదాన్ని. మామ గడియారం పెట్టుకుని కూడా ఒకరోజు నూట పదికి, ఒకరోజు తొంభైకి, ఆకలి మీద ఉంటే అరవైకే ఆపేసేవాడు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ టర్బో మాత్రం ఏళ్ల తరబడి ఉంది.

నాకు అది చాలా రోజులు కొరుకుడు పడలేదు. నూట ఎనభై లెక్కపెడితే కాలిపోయింది. అరవైకి ఆపితే బతికింది. నిజంగానే నేను నూరు తర్వాత నూట ఇరవై అన్నానా? అన్నానేమో అని కొన్నాళ్లు నమ్మాను కూడా. అప్పుడే పట్టుకుంది నాకు ఈ అంకెల పిచ్చి. బడిలో గోడ గడియారం ముందు, బస్టాండ్‌లో, పక్కింటి రేడియోలో వార్తలు మొదలయ్యేలోపు, ఎక్కడ గడియారం కనిపిస్తే అక్కడ కళ్లు మూసుకుని నూట ఎనభై లెక్కపెట్టి కళ్లు తెరిచేదాన్ని. ఒక సెకను ఇటు, ఒక సెకను అటు, అంతే. అయినా నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టేదాన్ని. తర్వాత ఎప్పుడో గమనించాను, బాపు అన్నాల దగ్గర నాలుగున్నర ముచ్చట ఎత్తడం లేదని. అంటే మామ ఉతారు మీద ఇంజిన్ ఆపడం మానేశాడు. తనంతట తాను మానే మనిషి కాదు. ఎవరో మాన్పించి ఉండాలి. ఎవరన్నది మాత్రం నాకు అంతుపట్టలేదు. మామ పోయి ఆరేళ్లవుతోంది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన తోడు అన్న మాట నేనెన్నడూ దాటలేదు.

కిటికీ బయట డ్రైవర్ బండి దిగి బాపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బాపుకు ముచ్చటకు మనిషి దొరికాడు. లోపల నా లెక్క అరవై దాటింది.

"మంచి పని జేస్తున్నవ్ కొడుకా" అన్నాడు బాపు. "మా బామ్మర్ది ఉండె. లోడు మీద చడావెక్కి, ఉతారు మీద బంద్ జేసుకుంట వస్తుండె. టర్బో మొత్తం కాలవెట్టిండు."

డ్రైవర్ నవ్వాడు. "మీకు చెప్పే జేసిండా తాతా?"

"చెప్తడా? లీటరుకు నాలుగున్నర తీస్తుండె. నాకు తెల్వదా, బంద్ జెయ్యకుంట గంత యాడికెల్లి వస్తది? తర్వాత ఒక్కణ్ణి పక్కకు పిల్చి చెప్పిన, ఇంకోపారి జేస్తే తాళంచెవి గుంజుకుంట అని. ఇగ జెయ్యలే."

తొంభై ఆరు, తొంభై ఏడు. నేను కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి వచ్చాను.

"బాపూ, మిస్త్రీ టర్బో విప్పిననాడే నీకు తెల్సా?"

ఆయన తల తిప్పి చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు, ఆయన గొంతు ఏమీ మారలేదు. "అంతకు ముందు నుంచే తెల్సు. నాకూ మైలేజీ మంచిగనే ఉండె, ఊకున్న."

"మరి నన్నెందుకు అన్నవ్ పదిమందిల?"

"వాణ్ణి అంటే బండి ఇడిసిపెట్టి పోతుండె. మీ అమ్మ అన్నం ముట్టకపోతుండె. సీజన్ నడుమ డ్రైవర్ దొరుకుతడా?" నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూశాడు. "నువ్వు యాడికి పోతవ్?"

నేను ఎక్కడికీ పోలేదు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది. ఇన్నేళ్లు ఆయన పక్కనే ఉన్నాను, ఆయన పెట్టించిన కాంటాలోనే కూర్చున్నాను. ఆ రోజు గడియారం వైపు ఎందుకు చూడలేదో మాత్రం ఇప్పుడు తెలిసింది. చూస్తే నా నూట ఎనభై సరిగ్గా వచ్చేది. ఆ సంగతి నాకన్నా ముందే, నాకన్నా గట్టిగా ఆయనకు తెలుసు.

"అక్కా, మూడు నిమిషాలైనయా? నా ఫోన్ బండిలనే ఉన్నది" అన్నాడు డ్రైవర్.

ఎంత దాకా వచ్చానో వెనక్కి వెతుక్కున్నాను. నూరు అన్నది గుర్తుంది. ఆ తర్వాత ఏం అన్నానో, అసలు ఏమైనా అన్నానో లేదో.

"తెల్వదు తమ్మీ" అన్నాను.

అతను పోయి ఇంజిన్ బంద్ చేశాడు.